గడువు లేని కాగితం



మా ఊరు చీపురుపల్లికి ఆటో దూరంలో ఉంది. మా వీధిలో పన్నెండు గడపలుంటే నాలుగు గడపల నుండి మిలట్రీకి వెళ్ళినవారున్నారు. సింగపూరు, దక్షిణ కొరియా వంటి దేశాలలో యువకులు కొంతకాలం సైన్యంలో పనిచేసి తీరాలని చట్టమే ఉంది. మన దేశంలో అటువంటి చట్టం లేదు. అయినా వాన మీద ఆధారపడిన రెండెకరాలతో ముగ్గురు అన్నదమ్ములు బ్రతకవలసిన ఇంట్లో ఎవరో ఒకరు రైలెక్కక తప్పదు. మా ఇంట్లో ఆ ఒకణ్ణి నేను. 1993లో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరి, పదిహేడేళ్ళు పనిచేసి, 2010 జూలై 31న పెన్షను మీద వచ్చాను.

సరిహద్దు గురించి, మంచు గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచినది ఇంటికి వచ్చిన తరువాతి సంగతి. అందులో నేను చేసిన ఒక పొరపాటు ఉంది. అది మరొక ఇంట్లో జరుగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బెంగళూరులో డిశ్చార్జి పుస్తకం చేతికిచ్చి, చేయి కలిపి పంపించారు. విజయనగరంలో రైలు దిగేసరికి నాతో ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక రెగ్జిన్ సంచి ఉన్నాయి. పెట్టెలో బట్టలు, సంచిలో కాగితాలు. పెట్టెను ఆ రోజే అటక మీద పెట్టేశాను. సంచి మాత్రం ఆరు నెలలపాటు నా భుజం దిగలేదు.

పదిహేడేళ్ళు నా తిండి, బట్ట, ప్రయాణం, వైద్యం అన్నీ యూనిట్ చూసుకుంది. ఎక్కడికి వెళ్ళాలో, ఎన్ని గంటలకు వెళ్ళాలో ఎవరో ఒకరు చెప్పేవారు. ఇంటికి వచ్చిన మర్నాటి నుండి చెప్పేవారు లేరు, గడువులు మాత్రం ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. మాజీ సైనికుని గుర్తింపు కార్డు తెచ్చుకోవాలి. బ్యాంకులో పెన్షను ఖాతా చూసుకోవాలి. 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకపు కార్డులకు ఫోటోలు, ఫారాలు ఇవ్వాలి. పిల్లలిద్దరి టీసీలు ఇక్కడి బడిలో ఇచ్చి చేర్పించాలి. మా పెద్దవాడు పఠాన్‌కోట్‌లో హిందీలో చదివినవాడు. ఏడవ తరగతిలో చేరి తెలుగు వాచకం తెరిస్తే కూడబలుక్కొని చదివేవాడు. వాడి పక్కన కూర్చుని చదివించడం కూడా నా పనే.

ఇంతలో ఒక ఉద్యోగ ప్రకటన పడింది. మాజీ సైనికునికి కేంద్ర ప్రభుత్వ చిన్న ఉద్యోగాలలో వయస్సు సడలింపు ఉంటుంది. ఉన్న వయస్సులో నుండి సర్వీసు కాలాన్ని తీసివేసి, మరి మూడేళ్ళు వెసులుబాటు ఇస్తారు. మెట్రిక్ చదివి పదిహేనేళ్ళు సర్వీసు చేసినవానిని డిగ్రీ అడిగే కొన్ని ఉద్యోగాలకు కూడా అర్హునిగా తీసుకుంటారు. అవకాశం మంచిదే గాని, ప్రతి వెసులుబాటుకూ ఒక కాగితం, ప్రతి కాగితానికీ జిరాక్సు, అప్పట్లో ప్రతి జిరాక్సు మీదా గెజిటెడ్ అధికారి సంతకం కావలసి వచ్చేది. దరఖాస్తుకు చివరి తేదీ, పిల్లలను బడిలో చేర్చవలసిన తేదీ, బ్యాంకు వారు రమ్మన్న తేదీ, మూడూ ఆగస్టు నెలలో ఒకే వారంలో పడ్డాయి. అదే వారంలో వాన కురిసి, ఊరంతా ఉడుపులకు దిగింది.

ఉదయం పాసింజరు బండిలో చీపురుపల్లి నుండి గరివిడి, నెల్లిమర్ల మీదుగా విజయనగరం వెళ్ళడం, మూడు లాంతర్ల దగ్గర జిరాక్సులు తీయించడం, ఒక ఆఫీసు నుండి మరొక ఆఫీసుకు నడవడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం. ఇదే నా దినచర్య. ఒకనాడు మా అమ్మ అన్నం పెడుతూ అంది: “ఒరే నాయనా, సెలవు మీదొచ్చినప్పుడు ఇంట్లో కూకుండీవోడివి. ఇప్పుడు ఇంటికొచ్చీసినాక కూకోడమే లేదేటిరా.”

నేను నవ్వి ఊరుకున్నాను. అయితే పనులన్నీ సమయానికే చేశానని నాలో నాకు గర్వంగా ఉండేది. గోడ క్యాలెండరు మీద చివరి తేదీలన్నిటి చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. పని అయిన తేదీని కొట్టివేసేవాణ్ణి. డిసెంబరు నెలాఖరుకు కొట్టివేయని తేదీ ఒక్కటీ మిగలలేదు. మరుసటి సంవత్సరం ఒక బ్యాంకులో ఆర్మ్‌డ్ గార్డుగా ఉద్యోగం కూడా దొరికింది. సంఘంలో కృతజ్ఞత కానుక వేసి, సంచిని మేకుకు తగిలించాను.

అయితే ఒక కాగితానికి గడువు లేదు. కనుక దాని చుట్టూ నేను సున్నా చుట్టలేదు.

నా భార్యకు రెండు పేర్లు. పుట్టినప్పుడు ఆమె అమ్మమ్మ గ్రామదేవత పేరు పెట్టింది. పెద్దయ్యాక బాప్తిస్మం పొందినప్పుడు బైబిలు పేరు పెట్టారు. ఇంట్లో అందరూ పాత పేరుతోనే పిలిచేవారు. 1997లో మాకు పెండ్లి అయినప్పుడు, యూనిట్ ఆఫీసులో క్లర్కు భార్య పేరేమిటని అడిగితే నేను అలవాటుగా ఆ ఇంటి పేరే చెప్పాను. ఆయన అదే వ్రాశారు. తప్పు ఆయనది కాదు, నాది. ఆ పేరే సర్వీసు రికార్డులోకి, అక్కడి నుండి పెన్షను ఆర్డరులోకి వచ్చింది. రేషను కార్డులో, ఓటరు కార్డులో, తరువాత ఆధార్‌లో ఆమె బాప్తిస్మపు పేరు ఉంది. ఈ తేడా నాకు తెలియక కాదు. “ఎప్పుడైనా మార్పించవచ్చులే” అనుకున్నాను. ఆ మాట నాలుగేళ్ళు అనుకున్నాను.

2014 ఆగస్టులో పొలం గట్టు మీద నాకు గుండెపోటు వచ్చింది. మా తమ్ముడు ఆటోలో విజయనగరం, అక్కడి నుండి విశాఖపట్నం చేర్చాడు. దేవుని దయవలన బ్రతికాను. మూడవ రోజున నాతో పనిచేసిన ఒక అన్న చూడడానికి వచ్చాడు. ఆయన మా కాగితాల సంచి తెరిచి, ఏవి అవసరమో చూస్తూ, నా భార్యను అడిగాడు: “అమ్మా, పెన్షను ఆర్డరులో ఉన్న పేరు, నీ ఆధార్‌లో ఉన్న పేరు ఒకటి కాదేమి?”

ఆమె చెప్పింది. ఆయన మరేమీ అనలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, మెల్లగా మడిచి సంచిలో పెట్టాడు. ఆ మౌనం నాకు అర్థమైంది. నేను ఆ గట్టు మీదనే కన్ను మూసి ఉంటే కుటుంబ పెన్షను వ్రాసి ఉన్న పేరు ఒకరిది, దానిని అడగడానికి వెళ్ళే మనిషి పేరు మరొకటి. ఆమె ఐదవ తరగతి వరకే చదివింది. నేను ఎర్ర సిరాతో తేదీలు కొట్టివేస్తూ మురిసిపోయిన రోజులలో, నా భార్యా పిల్లల అన్నం సంగతి ఒక్క అక్షరం మీద వ్రేలాడుతూ ఉంది.

ఆ రాత్రి ఆమె నా మంచం పక్కన కూర్చుని అడిగింది: “నానొక్కదాన్నే గదండీ. కాయితాల్లో ఇద్దరెలాగైపోనాను?” ఆమె కోపంతో అనలేదు. అందుకే నాకు మరింత బాధ కలిగింది.

లేచి తిరగగలిగిన తరువాత ఆ పని మొదలుపెట్టాను. ఉద్యోగంలో ఉండగా ఇది చిన్న పని. పెండ్లి కాగితం చూపి, యూనిట్ ఆఫీసులో పార్ట్ టూ ఆర్డరు వేయిస్తే సరిపోయేది. బయటికి వచ్చాక అలా కాదు. మేజిస్ట్రేటు ఎదుట అఫిడవిట్ చేయాలి. పత్రికలలో ప్రకటన ఇవ్వాలి. సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా బెంగళూరు రికార్డు ఆఫీసుకు పంపాలి. అప్పట్లో అక్కడి నుండి అలహాబాదులోని పెన్షను ఆఫీసుకు వెళ్ళి, సవరించిన ఆర్డరు రావలసి ఉండేది. వీటన్నిటికీ మొదట ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని చూపే పాత ఆధారం ఒకటి కావాలి.

మా పెండ్లి రాజాం వైపున్న మా అత్తవారి ఊరి చిన్న సంఘంలో జరిగింది. మా పెండ్లి చేసిన పాస్టరు గారు అప్పటికే ప్రభువు సన్నిధికి చేరారు. రిజిస్టరు కోసం వెళ్దామనుకుంటుండగా, 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను అది ఎలా కొట్టిందో మీలో చాలామంది అనుభవించినదే. వారం తరువాత వెళ్ళి చూస్తే గుడి పైకప్పు రేకులు పొలంలో పడి ఉన్నాయి. నా కాళ్ళు చల్లబడ్డాయి. అయితే సంఘపెద్ద ఒకాయన గాలి మొదలవక ముందే రిజిస్టర్ల రేకు పెట్టెను నెత్తిన పెట్టుకొని ఒక మేడ ఇంటికి చేర్చారట. ఆయన పెట్టె తెరిచి, 1997 పేజీ తీశారు. ఆ పాస్టరు గారు పెండ్లికూతురు పేరు దగ్గర బాప్తిస్మపు పేరు వ్రాసి, పక్కనే “అను” అని వేసి, ఇంటి పేరు కూడా వ్రాశారు. దానికి ఎవరూ ఆయనను అడిగి ఉండరు. అడిగేవారు లేకపోయినా జాగ్రత్తగా వ్రాసిన ఆ ఒక్క వరుస మా ఇంటిని నిలబెట్టింది. సవరించిన ఆర్డరు చేతికి వచ్చేసరికి 2016 జనవరి అయింది. ఆ రోజు నా భార్య తన పేరును వేలు పెట్టి చదువుకొంది.

నెహెమ్యా యెరూషలేము గోడ కట్టడానికి బయలుదేరే ముందు ప్రార్థన చేశాడని మనము తరచు చెప్పుకుంటాము. ఆయన రాజు దగ్గర ఉండగానే, దారిలోని అధికారులకు ఉత్తరాలు కూడా అడిగి తీసుకున్నాడు. ఈ సంగతి నేను ఎన్నో సార్లు చదివాను గాని, నాకు సంబంధించినదని అనుకోలేదు. బయలుదేరక ముందు అయిన పని ఒక మాటతో అవుతుంది. బయలుదేరిన తరువాత అదే పనికి నాలుగు ఊళ్ళు తిరగాలి.

ఇప్పుడు మన పిల్లలు అగ్నిపథ్ పథకంలో వెళ్తున్నారు. 2022 జూన్ 14న ప్రకటించిన ఈ పద్ధతిలో సేవాకాలం నాలుగేళ్ళు. ప్రతి జట్టులో నూటికి ఇరవై ఐదుగురి వరకు సైన్యంలో కొనసాగుతారు. మిగిలినవారికి పెన్షను లేదు. సేవానిధి క్రింద సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు వస్తాయి. సేవలో ఉన్నంత కాలం 48 లక్షల రూపాయల బీమా ఉంటుంది. కేంద్ర సాయుధ పోలీసు దళాలలో నూటికి పది ఉద్యోగాలు, వయస్సు సడలింపు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అంటే ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు కూడా ఇంటికి వచ్చి, నాలాగే సంచి భుజాన వేసుకొని తేదీల వెంట పరుగెత్తవలసినవాడే. పెన్షనర్ల లెక్కలు కూడా ఇప్పుడు చాలావరకు స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతిలోకి వచ్చాయి. నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఇంటి దగ్గర నుండే ఇవ్వవచ్చు. అది మేలే. కాని అక్షరం తేడా ఉంటే కంప్యూటరు మన ముఖం చూసి నమ్మదు.

కనుక తల్లిదండ్రులారా, మీ కుమారుడు ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు కోడి కోసి వండి పెట్టండి. తరువాత ఒక గంట అతనిని కూర్చోబెట్టి, రికార్డులో తల్లి పేరు, భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు, బీమాలో నామినీ పేరు ఎలా ఉన్నాయో అడగండి. ఇంటిపేరు ముందుందో వెనకుందో కూడా చూడండి. ఆధార్‌తో తేడా ఉంటే, యూనిట్‌లో ఉండగానే సరిచేయించుకోమనండి. ఆ పనికి ఎవరూ చివరి తేదీ వేయరు. మీరే వేయండి.

ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక, మా గుడి ముందు వేపచెట్టు క్రింద ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు కాగితాలు పట్టుకొని వస్తారు. నేను ఫారాలు చూస్తాను. పేర్లు మాత్రం నా భార్య చూస్తుంది. కళ్ళజోడు పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం మీద వేలు ఆనించి, రెండు కాగితాలూ పోల్చి చూసి, “ఇదీ అదీ ఒకటేనా బాబూ?” అని అడుగుతుంది. ఆ విషయంలో మా ఇంట్లో ఆమె కంటే జాగ్రత్త గలవారు లేరు.