సీనరీలో లేని ఊరు

డ్రాయింగ్ క్లాసులో 'సీనరీ వెయ్యండి' అంటే పిల్లలు వేసే బొమ్మ తెలుగునాట ఎక్కడైనా దాదాపు ఒక్కటే. రెండు ముక్కోణపు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, అక్కడ్నుంచి మెలికలు తిరుగుతూ నది, ఒడ్డున పెంకుటిల్లు, పక్కనే కొబ్బరిచెట్టు. ఆకాశంలో నాలుగు టిక్కులు కొడితే... పక్షులు! నిజామాబాద్ జిల్లా మోర్తాడ్‌లోనైనా ఇంతే.

బడి గేటు దాటితే కనిపించేది వేరు. వెడల్పాటి ఆకులతో గుబురుగా పసుపు చేలు, పక్కన మక్క, ఎర్రజొన్న. గట్ల మీద తాటిచెట్లు, ఈతచెట్లు. కొండలైనా ముక్కోణాల్లా ఉండవు. ఆర్మూర్‌లో నవనాథ సిద్ధుల గుట్టను చూడండి. ఎవరో బండరాళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చుతూ మధ్యలో పని వదిలేసి వెళ్లినట్టుంటుంది.

మరి ఆ కొబ్బరిచెట్టు ఎక్కడిది? క్యాలెండర్లది, సినిమాలది, పత్రికల ముఖచిత్రాలది. 'తెలుగు పల్లె' అనగానే కోనసీమే కళ్లముందు నిలిచేలా దశాబ్దాలపాటు చూపించారు. ఇందులో కోనసీమ తప్పేం లేదు. ఆ నేలకు చిత్రకారులు ముందే దొరికారు, అంతే. రాజమండ్రిలో 1897లో పుట్టిన దామెర్ల రామారావు గోదావరిని, తూర్పు కనుమలను బొమ్మల్లోకి తెచ్చారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో మశూచితో కన్నుమూశారు. ఆ కొద్దికాలంలోనే అక్కడివాళ్లకు తమ నదిని చూసుకునే చూపునిచ్చారు.

బొమ్మకు అంత బలం ఉంటుందా అంటే, ఫిన్లాండ్‌ను అడగాలి. 1809 నుంచి 1917 దాకా ఆ దేశం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. సొంత జెండా లేని ఆ రోజుల్లో గాలెన్ కల్లెల, ఎయిరో యార్నెఫెల్ట్ లాంటి చిత్రకారులు తమ సరస్సులను, మంచు అడవులను, కోలి అనే కొండను పదేపదే గీశారు. అవి చూసినవాళ్లకు 'ఇది మా దేశం' అనిపించింది. స్వాతంత్య్రం వచ్చేనాటికే ఆ దేశానికి ఒక రూపం తయారై ఉంది.

తెలంగాణలో ఆ పని ఆలస్యంగా మొదలైంది. సిద్దిపేటలో కాపు రాజయ్య బతుకమ్మను, బోనాలను, కష్టజీవులను నకాషీ బొమ్మల ఛాయల్లో చిత్రించారు. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడాలో చదువుకుని వచ్చి కూడా గీసింది చిన్ననాటి పల్లెనే. రాళ్లు, మేకలు, ముళ్లచెట్లు, మనుషులు... అవన్నీ ఒకే మట్టిలోంచి మొలిచినట్టుంటాయి. 'ఇందులో అందమేముంది' అనుకునే బండనేలకు ఆయన గీతలు గౌరవం తెచ్చాయి. బొమ్మల వల్లే రాష్ట్రం వచ్చిందంటే అతిశయోక్తే గానీ, 2014లో కొత్త రాష్ట్రం గుర్తులుగా జమ్మిచెట్టును, తంగేడు పువ్వును ఎంచుకోవడం వెనక ఇలాంటి చూపు ఒకటి ఉంది. గట్టు మీద ఎవరూ నాటకుండా పూసే పువ్వు రాష్ట్ర పుష్పం కావడం చిన్న సంగతేం కాదు!

ఈ చూపు బడిదాకా చేరకపోతే నష్టం ఉంది. అందంగా కనబడని గుట్ట, కంకర లెక్కలోకి వెళ్లిపోతుంది. క్రషర్ కింద పడ్డ రాయి మళ్లీ గుట్టెక్కదు. ఊళ్లోంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎందరో. అక్కడ గది గోడకు తగిలించుకుందామన్నా సొంత ఊరి బొమ్మ సులువుగా దొరకదు.

పసుపు ఈ ప్రాంతానికి గుర్తింపు అన్నది మాత్రం రైతులకు ఎప్పుడో తెలుసు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం వాళ్లు పోటీపడి నామినేషన్లు వేస్తే, నిజామాబాద్‌లో అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది. బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది.

ఇక బొమ్మే మిగిలింది. గీయాలనుకునే మాస్టార్లు పిల్లల్ని ఫిబ్రవరిలో కళ్లాలకు తీసుకెళ్లొచ్చు. తవ్విన కొమ్ములు మట్టిరంగులో ఉంటాయి. ఉడికించేటప్పుడు ఆవిరి తెల్లగా కమ్ముకుంటుంది. ఎండలో ఆరబోశాక రోజురోజుకూ రంగు మారుతుంది. పాలిష్ పట్టాకే అసలు పసుపు బయటపడుతుంది.