ముందు విను, తర్వాత విప్పు

సోమ, బుధ, శుక్రవారాలు మా ఇంట్లో తెల్లవారుజామున ఐదింటికే అలారం మోగుతుంది. నాన్నకు ఖమ్మంలో డయాలసిస్. ఏడింటికల్లా అక్కడ ఉండాలి. వైరా నుంచి ఖమ్మం పెద్ద దూరమేమీ కాదు. కానీ నాలుగు గంటలు మెషీన్ మీద ఉండి లేచిన మనిషిని బస్సులో నిలబెట్టి తీసుకురాలేం కదా! అందుకే నా ఆరోగ్యం కంటే మా పాత కారు ఆరోగ్యం మీదే నాకు బెంగ ఎక్కువ.

పోయిన ఆషాఢంలో ఒక సోమవారం. తిరిగి వస్తుంటే కొణిజర్ల దగ్గర వాన అందుకుంది. మధ్యాహ్నమే అయినా పొద్దుగూకినట్టు అయిపోయింది. వైపర్లు వేశాను. నాలుగైదు సార్లు ఊగి, నా ముందున్న కుడి వైపర్ అద్దం మధ్యలో ఆగిపోయింది. నాన్న వైపుది మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంది. ఎదురుగా లారీ వస్తోందని దాని లైట్లు అద్దం మీద చెదిరిపోతేనే తెలిసింది. గుండె జారిపోయింది. మెల్లగా పక్కకి తీసి ఒక పెట్రోలు బంకు రేకుల కిందికి చేర్చాను.

నాన్న ఏం కంగారు పడలేదు. బంకులో కుర్రాణ్ని పిలిచి, "బాబూ, ఆ బడ్డీకొట్లో రెండు బీడీ కట్టలు తెచ్చిపెట్టు" అన్నాడు.

"నాన్నా! నీకు బీడీలేంటి ఇప్పుడు?"

"నాక్కాదే, అద్దానికి."

బీడీలు విప్పి ఆ పొగాకును తడిపి అద్దమంతా రుద్దమన్నాడు. పాత లారీ డ్రైవర్ల చిట్కా అట. రుద్దిన చోట నీళ్లు చుక్కలు చుక్కలుగా నిలబడకుండా పొరలా కిందికి జారిపోయాయి. వాన కాస్త తగ్గేదాకా ఆగి, పాతిక స్పీడు దాటకుండా ఇల్లు చేరాం. ఇది ఇల్లు చేరడానికి ఉపాయమే గానీ రిపేరు కాదు, దీన్ని నమ్ముకుని రాత్రిపూట రోడ్డెక్కొద్దు.

సాయంత్రం మా వీధి చివరి మెకానిక్ వచ్చాడు. స్విచ్ ఒక్కసారి వేసి చూశాడు. "మోటారు పోయిందక్కా. నాలుగు వేలు అవుద్ది. సామాను తెప్పించాలి, గురువారం ఇస్తా" అన్నాడు. నాకు బుధవారం పొద్దున్నే కారు కావాలి. ముసురు చూస్తే వదిలేలా లేదు.

అతను వెళ్లాక నాన్న కుర్చీలోంచి అడిగాడు. "ఎడమది తిరుగుతుందా?"

"తిరుగుతోంది."

"రెంటికీ మోటారు ఒకటేగా. మోటారు పోతే రెండూ పోవాలి. ఒక్కటే ఎట్లా పోయిద్ది?"

ఇంత చిన్న ప్రశ్న నాకెందుకు తట్టలేదో!

నాన్న నలభై ఏళ్లు బోరు మోటార్లకు వైండింగ్ చేశాడు. తమ్ముణ్ని షాపుకి తీసుకెళ్లేవాడు. నన్ను మాత్రం గుమ్మంలోనే ఆపేవాడు. "గ్రీజు మరకలు పోవమ్మా, నువ్వు పోయి చదువుకో" అనేవాడు. తమ్ముడు ఇప్పుడు బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, నేను బడిలో లెక్కలు చెబుతాను. పానా పట్టడం ఇద్దరికీ రాదు. నాన్నకేమో ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి దెబ్బ తగలకూడదు. కాబట్టి మంగళవారం నాన్న వరండాలో కుర్చీ వేసుకుని చెప్పాడు, నేను చేశాను.

"ముందు విను, తర్వాత విప్పు" అని మొదలుపెట్టాడు. బానెట్ తీసి స్విచ్ వేయమన్నాడు. రెండు వైపర్లూ కదలక, చప్పుడు కూడా లేకపోతే కరెంటు అందడం లేదన్నమాట. అప్పుడు ముందు ఫ్యూజు చూడాలి, తర్వాత స్విచ్, వైర్లు, చివరికి మోటారు. చప్పుడు వస్తూ రెండూ కదలకపోతే మోటారు బతికే ఉంది, దాని నుంచి వైపర్లకు పోయే దారి తెగింది. ఒక్కటే ఆగితే ఆ ఒక్కదాని నట్టో, లింకో. రెండూ తిరుగుతూ అద్దం మసకగా ఉంటే రబ్బరు అరిగింది, లేదా అద్దానికి జిడ్డు పట్టింది. ఆపినప్పుడు అడుక్కి రాకుండా ఎక్కడ పడితే అక్కడ నిలబడిపోతే మోటారు దగ్గరుండే పార్కింగ్ స్విచ్‌ని అనుమానించాలి.

"ఫ్యూజు అయితే ఎంత ఆంపియరుందో అంతే వెయ్యాలి. నీలం రంగుది 15, పసుపుది 20. మళ్లీ మళ్లీ పోతుంటే పెద్దది వెయ్యొద్దు, వైరు కాలిద్ది. ఎలక్ట్రీషియన్‌కి చూపించాలి."

మా కారులో మోటారు గుర్‌మంటూనే ఉంది. వైపర్ మొదట్లో ప్లాస్టిక్ టోపీ తీసి 14 నంబరు పానా వేసి చూశాను. నట్టు బిగువుగానే ఉంది. మళ్లీ స్విచ్ వేస్తే ఎడమ ఇరుసు ఊగుతోంది, కుడిది రాయిలా ఉంది.

"అయితే లోపల లింకు ఊడింది" అన్నాడు. నాకు అర్థం కావడానికి అమ్మ కుట్టుమిషను గుర్తు చేశాడు. మిషన్లో కాలి కింద పలక ఊగితే చక్రం తిరుగుతుంది. ఇక్కడ తిరగేసి. మోటారు గుండ్రంగా తిరుగుతుంటే, ఆ తిరుగుడుని లింకులు అటూ ఇటూ ఊపుగా మారుస్తాయి.

వైపర్లను అడుక్కి తెచ్చి ఆపి, బ్లేడ్లు ఎక్కడున్నాయో అద్దం మీద టేపు అంటించి గుర్తు పెట్టుకున్నాను. లేకపోతే తిరిగి బిగించేటప్పుడు వంకర వస్తుందట. అద్దం మీద మందపాటి తువ్వాలు పరిచాను. స్ప్రింగు జారి వైపర్ చెయ్యి పడితే అద్దం పగులుతుంది. బ్యాటరీ మైనస్ వైరు తీసేశాను. అది తీయకుండా లింకుల మధ్య చెయ్యి పెట్టి, ఎవరైనా స్విచ్ వేస్తే వేళ్లు నలిగిపోతాయి. వైపర్ చేతులు ఏళ్ల తరబడి పట్టేసి ఉన్నాయి. సుత్తి ముట్టుకోనివ్వలేదు నాన్న. అటూ ఇటూ మెల్లగా కదిలిస్తుంటే పది నిమిషాలకు వచ్చాయి.

అద్దం కింద నల్లటి ప్లాస్టిక్ పట్టీ తీస్తే లోపల ఒక గంపెడు వేపాకు, కానుగాకు! నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోయి బురద నిలిచింది. ఆ బురద పక్కనే కుడి లింకు వేలాడుతోంది. దాని చివర చిన్న గిన్నె లాంటిది ఉంటుంది, అది గోళీ లాంటి ముడి మీద కూర్చోవాలి. గిన్నెలోని ప్లాస్టిక్ బుష్ అరిగి వదులైపోయింది.

కిరోసిన్ గుడ్డతో తుడిచి, గ్రీజు పూసి, కటింగ్ ప్లేయరుతో నొక్కాను. టక్‌మంది.

"కూర్చుంది" అన్నాడు నాన్న, కుర్చీలోంచి లేవకుండానే.

అరిగిన బుష్ మళ్లీ జారుతుందని దాని చుట్టూ కేబుల్ టై బిగించాను. ఆకులన్నీ ఎత్తిపోశాను. ప్రయత్నం మాత్రం పొడి అద్దం మీద చేయొద్దన్నాడు, గీతలు పడతాయని. మా అమ్మాయి మగ్గుతో నీళ్లు పోస్తుంటే స్విచ్ వేశాను. రెండూ ఊగాయి! మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాన్న మాత్రం "ఆపు, మళ్లీ వెయ్" అంటూ పదిసార్లు వేయించాడు.

మెకానిక్‌ని తప్పుపట్టను. అతనికి పది బళ్లున్నాయి, నాకు ఒక్కటే ఉంది. నింపాదిగా చూసే తీరిక నాకే ఉంది, అవసరమూ నాదే.

బుధవారం పొద్దున అనుకున్నట్టే వాన. ఖమ్మం దాకా వైపర్లు ఆగలేదు. నాన్న మెషీన్ మీద ఉన్న నాలుగు గంటల్లో స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి కొత్త లింకు సెట్టు కొన్నాను, 750 రూపాయలు. గురువారం అది బిగించాను. ఈసారి నాన్న ఎక్కువ మాట్లాడలేదు.

శుక్రవారం దారిలో సన్నటి జల్లు. నాన్న కళ్లు మూసుకుని వెనక్కి ఆనుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"కుడిది కిందికి వచ్చేటప్పుడు కీచుమంటుంది. రబ్బరు మార్చాలి" అన్నాడు.

"సర్లే, ఇవాళ కొంటాను."

"కొలత చూసి కొను. మన బండికి రెండూ ఒక సైజు కాదు, కుడిది పొడుగు."