బంతి ఒకటే... ఆడేది ఇద్దరు!

గోల్ఫ్ ఒంటరి ఆట. ఎవరి బంతి వారిది, ఎవరి లెక్క వారిది. అలాంటి ఆటలో ఓ ఆడ, ఓ మగ జంటగా దిగి ఇద్దరూ కలిసి ఒకే బంతిని ఆడాల్సి వస్తే? బ్రిటన్‌లో చిన్న ఊళ్ల క్లబ్బుల్లో వేసవి ఆదివారాలు జరిగే 'మిక్స్‌డ్ ఫోర్‌సమ్స్' పోటీ సరిగ్గా ఇదే. ఆడేవాళ్లు దుకాణదారులు, టీచర్లు, రిటైరైన ఉద్యోగులు. చాలా జంటలు భార్యాభర్తలే!

నిబంధన చిన్నదే. బేసి సంఖ్య హోల్స్‌లో ఒకరు, సరి సంఖ్య హోల్స్‌లో మరొకరు ఆట మొదలుపెట్టాలి. ఆపైన బంతి గుంతలో పడేదాకా వంతులవారీగా కొట్టాలి. ఆయన బలమంతా చూపించి బంతిని పొదల్లోకి పంపితే, దాన్ని బయటికి తీయాల్సింది ఆవిడ. ఆవిడ అక్కణ్నుంచి చక్కగా కొట్టి గుంతకు రెండడుగుల దూరంలో ఆపితే, చివరి చిన్న షాట్ ఆయనది. అదీ తప్పిందా... పక్కనున్నావిడ మొహంలో ఏమీ కనపడనివ్వకపోవడమే అసలు పరీక్ష. అందుకే అనుభవజ్ఞులు చెప్పే మొదటి సూత్రం- జోడీకి 'సారీ' చెప్పొద్దని. కావాలని ఎవరూ చెడగొట్టరు కదా!

ఇద్దరి నైపుణ్యంలో తేడా ఉంటే? దానికీ ఓ లెక్కుంది. 2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం ప్రకారం, మామూలుగా ఇద్దరి హ్యాండిక్యాప్‌లూ కలిపి సగం చేస్తారు. ఆయనది 10, ఆవిడది 24 అనుకుంటే జంటకు 17. మొత్తం షాట్లలోంచి ఆ పదిహేడూ తీసేస్తారు. కాబట్టి ఆరితేరినవాళ్లే గెలవాలని లేదు. గొడవపడకుండా ఆడిన సామాన్యులూ కప్పు పట్టుకెళ్లొచ్చు.

ఇంత కలివిడి ఆట వెనక, కలుపుకోని కాలమూ ఉంది. ఒకప్పుడు చాలా క్లబ్బుల్లో మహిళలకు సగం సభ్యత్వమే. ఓటుండేది కాదు. ఆదివారం భర్తతో జోడీ కట్టిన ఇల్లాలికి, శనివారం ఉదయం అదే మైదానంలో చోటుండేది కాదు. స్త్రీపురుషులిద్దరూ సభ్యులుగా ఉన్న క్లబ్బుల్లో ఈ వివక్షకు 2010 నాటి సమానత్వ చట్టం అడ్డుకట్ట వేసింది. మగవాళ్లకే పరిమితమైన క్లబ్బులు ఇంకొంత కాలం తలుపులు తెరవలేదు. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్ మహిళలకు సభ్యత్వమివ్వడానికి 2014లో ఒప్పుకుంది. 1744లో పుట్టిన మ్యూర్‌ఫీల్డ్ క్లబ్ 2016లో కాదని, 2017లో సరేనంది. 2022లో అదే మైదానంలో మహిళల ఓపెన్ జరిగింది! ఇక 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ జట్ల గోల్ఫ్‌కూ చోటిచ్చారు.

ఒలింపిక్స్ సంగతి పెద్దవాళ్లది. ఊరి క్లబ్బులో జంటకు దక్కేది ఓ స్కోరు కార్డు. అందులో ఒక్కో హోల్‌కు ఒక్క అంకే వేస్తారు. పొదల్లోకి కొట్టింది ఎవరో, బయటికి తీసింది ఎవరో రాసే గడి అందులో ఉండదు.