ఎదురుచూపును సందేహమును

2024వ సంవత్సరము ఆగష్టు మాసమున తొమ్మిదవ తరగతి విద్యార్థులకు నేనొక వ్యాసరచన నిచ్చితిని. విషయము "నేనెదురుచూచుచున్న దినము". వారము తిరుగునప్పటికి పుస్తకములన్నియు నా బల్లమీదికి వచ్చెను. ఒకడు క్రిస్మసును గూర్చియు, ఒకడు దసరా సెలవులను గూర్చియు, ఒకతె అక్క పెండ్లిని గూర్చియు వ్రాసిరి. కువైటు నుండి రెండేండ్లకు తిరిగివచ్చు తండ్రిని గూర్చి యొక బాలిక వ్రాసిన నాలుగు పంక్తులు నన్ను కొంతసేపు పని మాన్పించినవి. ఆ కట్టలో నడుమ నొక బాలుని పుస్తకము విప్పగా, వాడెదురుచూచుచున్నది పండుగను గాని, బంధువును గాని కాదని తెలిసినది. వాడు సెల్‌ఫోనునం దాడు నొక తుపాకుల యాటకై యెదురుచూచుచుండెను.

ఆ యాట పేరు 'ఇండస్'. పూనా నగరమునందలి సూపర్‌గేమింగ్ అను సంస్థవారు దానిని నిర్మించుచుండిరి. అనేకమంది యాటగాండ్రు వేర్వేరు ఊళ్లలో నుండియే ఒకే రంగమున దిగి, ఆయుధముల నేరుకొని, యొకరినొకరు వేటాడుటయు, కడపట మిగిలినవాడు గెలుచుటయు నీ జాతి యాటల పద్ధతి. దీనినే 'బ్యాటిల్ రాయల్' అందురు. ఇండస్ నందలి విశేషమేమనగా, దాని లోకమంతయు భారతీయమగు వేషభూషలతోను, రాబోవు కాలపు కల్పనలతోను రంగురంగులుగా నుండునని నిర్మాతలు ప్రకటించిరి. విర్లోక్ అను నొక రంగము. అచ్చట ఏనుగును, నెమలిని తలపించు వేషములు ధరించిన యోధులు. 2023 జనవరి మాసముననే ముందుగా పేరు నమోదు చేసికొనుట కవకాశ మిచ్చిరి. మన బాలుడును తన తల్లి ఫోనునుండి పేరిచ్చెను. "ఏడాదిన్నర దాటినది. నా పేరు వారి లెక్కలో నున్నది గాని ఆట మాత్రము నా చేతికి రాలేదు" అని వాడు వ్రాసెను.

వాడు కేవలము ఉబలాటపడి వ్రాయలేదు. సందేహములనుగూడ వరుసగా వ్రాసెను. మొదటిది, అసలు వచ్చునా? రెండవది, వచ్చినను చెప్పినట్లుండునా? దీనికి నిదర్శనముగా తన యన్న యనుభవమును చెప్పెను. 2020 సెప్టెంబరు 2వ తేదీన మన ప్రభుత్వము పబ్జీతో గూడ 118 చైనా సంబంధముగల యాప్‌లను నిషేధించెను. నూర్గురు దిగి పోరాడు ఆ యాట పోగానే, రెండు దినములకే 'ఫౌజి' అను స్వదేశపు ఆట రానున్నదని ప్రకటన వెలువడెను. అన్నయు, వాని స్నేహితులును దినములు లెక్కించిరి. 2021 జనవరి 26న అది వచ్చెను. కాని అందు గల్వాను లోయ కథ యొక్కటియే యుండెను. నలుగురు స్నేహితులు కలిసి యాడు పోరు అప్పటికి లేకుండెను. "మా యన్న ఆ సాయంత్రమే దానిని తీసివేసెను" అని తమ్ముడు వ్రాసెను. మూడవ సందేహము, తన తల్లి ఫోను దానిని మోయగలదా? నాలుగవది, ఖరీదైన ఫోనులు గల బాలురే యెల్లప్పుడును గెలుతురేమో?

చివర నొక ఆశను వ్రాసెను. ఇండస్ ఆటలో 'కాస్మియం' అను నొక వస్తువు కడపటి ఘట్టమున కనబడునట. దానిని చేజిక్కించుకొన్నవాడు, మిగిలిన వారందరిని చంపకయే గెలువవచ్చునట. "నాకది మిక్కిలి నచ్చినది" అని వాడు ముగించెను.

ఉపాధ్యాయుడనైన నాకు సందేహములు లేకుండునా? నాయందున్నవి వేరు. పిల్లలకు తుపాకి వినోదమగుట మేలా? చదువుకొను కాలమెంత పోవును? ఉచితమని చెప్పు ఆటలు వేషములను, ఆయుధముల యలంకారములను అమ్మియే బ్రతుకును గదా, ఆ సొమ్మెవ్వరిది? 2021లో పబ్జీ వేరుపేరుతో మరల మన దేశమునకు వచ్చినప్పుడు, పదునెనిమిదేండ్లు నిండనివారు దినమునకు మూడు గంటలకు మించి యాడరాదనియు, ఏడువేల రూపాయలకు మించి వ్యయపరుపరాదనియు నియమము పెట్టిరి. దినమునకు ఏడువేలు! మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులలో ననేకులకది నెల జీతములో సగము.

ఇట్టి తలంపులతో నెఱ్ఱసిరా కలమును తీసి, వాని వ్యాసము క్రింద "ఇది యొక మనుష్యుడు ఎదురుచూడదగిన వస్తువేనా?" అని వ్రాసితిని. మరునాడు వానిని పిలిచి యదియే యడిగితిని. వాడు తల వంచుకొని కొంతసేపు నిలిచి, "మాస్టారూ, తమరెప్పుడైన ఇట్టి యాట ఆడినారాండీ?" అని యడిగెను. అందు కొంటెతనము లేదు. నేను "పోయి కూర్చుండుము" అంటిని. అది ప్రత్యుత్తరము కాదని వానికిని తెలియును, నాకును తెలియును.

ఏలయన నేనాడితిని. 1990ల తొలినాళ్లలో పంజా సెంటరు దాటిన యొక సందునందు ఒక చిన్న కొట్టుండెను. టెలివిజనుకు తగిలించిన పెట్టెలో 'కాంట్రా' అను నాట ఆడించుచుండిరి. ఇద్దరు సైనికులు, ఒకడు నీలి లాగు, ఒకడు ఎఱ్ఱ లాగు, తుపాకులతో ఎడమనుండి కుడికి పరుగెత్తుచుందురు. అరగంటకు రూపాయి. ఆదివారపు బడిలో చందాసంచిలో వేయుమని అమ్మ ఇచ్చు రూపాయిని నేనారు వారములు ఆ కొట్టునం దిచ్చితిని. సోమవారమునుండియే ఆదివారమున కెదురుచూచితిని. దేవుని దినమునకై కాదు. ఆ నీలి లాగువానికై.

ఏడవ వారమున మా నాయనగారు కొట్టులోనికి వచ్చిరి. రైల్వే కొలువు చేసిన ఆయన చేయి బరువైనది. దెబ్బకై వీపు బిగించుకొంటిని. ఆయన కొట్టలేదు. నా వెనుక కొంతసేపు నిలిచి, పిదప బల్లపై నా ప్రక్కన కూర్చుండి, "ఇందులో నీవెవడవురా?" అని యడిగిరి. చూపితిని. నా అరగంట ముగియువరకు ఆయన చూచుచుండిరి. ఇంటికి పోవు త్రోవలో నొక్క మాట యనిరి: "ఆ యాట మంచిదో చెడ్డదో నాకు తెలియదు. రూపాయి మాత్రము నీది కాదు." తరువాతి ఆరు వారములు నా చిరుతిండి డబ్బులు చందాసంచిలో పడినవి. ఆట మానుమని ఆయన యెన్నడును చెప్పలేదు. కొన్ని నెలలకు నేనే మరచితిని. ఆయన నా ప్రక్కన కూర్చుండిన అరగంట మాత్రము నేటికిని మరువలేదు.

ఇంత జరిగినవాడను, ముప్పది యేండ్ల తరువాత నొక బాలుని వ్యాసముపై నెఱ్ఱసిరాతో నా వాక్యము వ్రాసితిని.

ఆగష్టు 31న వానలు కుండపోతగా కురిసినవి. బుడమేరు కట్టలు తెగి సింగునగరు, రాజరాజేశ్వరీపేట మున్నగు ప్రాంతములను ముంచివేసెను. కృష్ణలోనికిని ఎన్నడు లేనంత వరద వచ్చి, ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటెను. మా యిల్లు కొండమెట్లపై నుండుటచే మాకు నీరంటలేదు. ఆ బాలుని యిల్లు రాజరాజేశ్వరీపేటయందు. వస్త్రలతలో నొక బట్టలకొట్టున చీరలు మడతపెట్టు వాని తల్లి, ఇద్దరు కుమారులతో మేడమీద దినములు గడపి, పడవపై బయటపడెను. పాఠశాల మరల తెరచిన తరువాత చాల దినములకు వాడు వచ్చెను. పుస్తకములు లేవు, సంచి లేదు. ఫోను నీటిలో పోయినది.

నా బీరువాలో దిద్దుటకై ఉంచిన వ్యాసముల కట్ట యుండెను. అందు వాని పుస్తకము పొడిగా నుండెను. ఆ యింటిలో నింతకుముందున్న వ్రాతకాగితములలో మిగిలినది అదియొక్కటే. దాని క్రింద నా యెఱ్ఱ వాక్యము. ఆ పుస్తకమును వాని చేతికిచ్చుటకు నాకు రెండు దినములు ధైర్యము చాలలేదు. తుదకిచ్చితిని. వాడు విప్పి చూచి, "అయితే ఇదొకటి మిగిలినదండీ" అని నవ్వెను.

అక్టోబరు 16, బుధవారము. ఇండస్ వెలువడినది. తరగతిలో గుసగుసలు వింటిని. వాడు మాత్రము కిటికీవైపు చూచుచు కూర్చుండెను. శనివారము సాయంకాలము నా ఫోనులో ఆ యాటను దింపుకొని, వాని యింటికి పోయితిని. గోడలపై నీటిగుర్తు నా భుజము నంటుచుండెను. వాని తల్లి కంగారుపడి, "ఏమి చేసినాడండీ మాస్టారుగారూ?" అనెను. "ఏమియు చేయలేదమ్మా. మీరనుమతించినచో, వీడొక గంట నాకొక పాఠము చెప్పవలెను" అంటిని.

మొదటి యాటలో నేను రెండు నిమిషములు బ్రతికితిని. ఎవడు కాల్చెనో కనబడలేదు. రెండవ యాటలో బాలుడు వ్రేలితో చూపుచు, "అటు పోకండి, గోడచాటున నుండండి" అని చెప్పుచుండగా కొంచెము సేపు నిలిచితిని. పిదప ఫోను వాని కిచ్చితిని. రంగులు నిజముగా కన్నులపండువుగా నున్నవి. మనదేశపు గోపురములవంటి కట్టడములను, నెమలి వర్ణములను చూచి నేనును ముచ్చటపడితిని. నా ఫోను వేడెక్కెను. బొమ్మ అక్కడక్కడ తటపటాయించెను. కాస్మియం మాకందలేదు. నడుమ వేషములు కొనుమని పిలుచు అంగడి యొకటి కనబడినప్పుడు, వాడు చెప్పకుండగనే దానిని మూసివేసెను.

"ఎట్లున్నదిరా?" అని యడిగితిని.

"అనుకొన్నంత లేదండీ," అని కొంత ఆలోచించి, "కాని బాగానే యున్నది" అనెను.

గంట ముగిసినది. "ఇంకొక్క యాట, మాస్టారూ" అని వాడడిగెను. నా సందేహములును వట్టివి కావని ఆ యొక్క మాట తెలిపినది. ఒక్కటి యని యిచ్చి, అది ముగియగానే ఫోను తీసికొంటిని. వాని ముఖము చిన్నబోయెను. ఆ ముఖమును చూచియు తీసికొనుట పెద్దల పని. తీసికొనుటకు ముందు ప్రక్కన కూర్చుండుటయు పెద్దల పనియే. రెండవ పని చేయక మొదటిది చేసినచో పిల్లలు మన కన్నుగప్పి యాడుదురు. నేనట్లే ఆడితిని.

ఈ పత్రికను చదువు తల్లిదండ్రులకు నాదొక విన్నపము. మీ బిడ్డ యెదురుచూచు ఆట యేదో పేరైన తెలిసికొనుడు. ఒక్కమారు చూపుమని యడుగుడు. ఫోనులో డబ్బు చెల్లించు రహస్యసంఖ్యను బిడ్డకు తెలియనీయకుడు. ఆటలో ముక్కు మొగము తెలియనివారు గొంతు కలిపి మాటలాడుదురు, వారెవరో విచారింపుడు. కాలపరిమితిని ఆటకు ముందే చెప్పుడు, నడుమ చెప్పకుడు. తగినది కాదని తోచినచో కాదనుడు. కాని చూచిన పిమ్మట కాదనుడు.

విద్యార్థులారా, మీకును ఒక మాట. ఆ బాలుడు తన యిష్టమైన వస్తువును గూర్చియే సందేహించుట నేర్చెను. వచ్చునా, చెప్పినట్లుండునా, నా యింటికి తగునా, అందరికి సమముగా నుండునా యని అడిగెను. ప్రకటనలు మీ కెన్నియో ఆశలు చూపును. ఆ నాలుగు ప్రశ్నలను దగ్గర నుంచుకొనుడు. ఆట ఫోనుతో పోవచ్చును. ఆ ప్రశ్నలు నీటిలో పోవు.

సోమవారము నాడు వాని పుస్తకమును మరల తెప్పించి, నా యెఱ్ఱ వాక్యమును కొట్టివేసితిని. మార్కు వేయుట మిగిలియుండెను. పదికి ఏడు వేసితిని. ఎనిమిది వేయవలసినదే గాని అక్షరదోషములు మూడుండెను. వాడు లెక్కించి చూచి, "రెండేనండీ" అనెను. చూచితిని, రెండే. దిద్దితిని.