అరకు ఘాట్‌లో అలిగిన ఇంజను

తెర మీద అరకు అంటే ఓ డ్యూయెట్! రోడ్డు మీదైతే విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాకే అసలు కథ.

వెలుతురు పోకముందే షూటింగ్ స్పాట్‌కి చేరాలి. ఘాట్ ఎక్కుతుండగా మా పాత కార్బ్యురేటర్ కారు వేడెక్కి, దగ్గడం మొదలెట్టింది. ఓ పక్క లోయ, వెనక లారీ హారన్లు!

“కాస్త చల్లారనిద్దామా?” అన్నాను.

“వద్దు బాబూ! చల్లారితే జబ్బు దాక్కుంటాది. వేడి మీదే పట్టాల” అన్నాడు డ్రైవరు.

ముందు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేశాడు. పెట్రోలు ఆవిరై అడ్డుపడుతుంటే దాంతో సర్దుకోవాలి. ఊహూఁ! తర్వాత ఓ ప్లగ్గు తీసి, వైరు తగిలించి, ఇంజనుకి ఆనించి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. నీలంగా దూకాల్సిన నిప్పురవ్వ పసుపుగా, నీరసంగా వచ్చింది. అనుమానం ఇగ్నిషన్ కాయిల్ మీదకి పోయింది. లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటే చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండి, వేడెక్కగానే విలనైపోతుందది! డిక్కీలోని స్పేరు కాయిల్ బిగించగానే దగ్గు మాయం. అనంతగిరి కాఫీ తోటలు హాయిగా దాటేశాం.

ఇప్పటి చాలా కార్లలో సిలిండరుకో కాయిలు. స్కానరు పెడితే దొంగెవరో చాలావరకు చెప్పేస్తుంది. పాత కారులో అరకు వెళ్తున్నారా? మంచినీళ్ళతో పాటు ఓ స్పేరు కాయిలూ పడేసుకోండి!