మొద్దుకు తొందర లేదు

నిర్మల్‌లో పెరట్లో టేకు చెట్టు కొట్టించినవాళ్లకు అసలు తంటా ఆ తర్వాతే మొదలవుతుంది. మిగిలిన మొద్దును పెకలిద్దామంటే జేసీబీ గల్లీలోకి రాదు, వచ్చినా ప్రహరీ మిగలదు. పోనీ, అదే పుచ్చిపోతుందిలే అనుకుంటే, నాలుగు వానలు పడగానే మొద్దు చుట్టూ చేటంత ఆకులతో పిలకలు! టేకు స్వభావమే అంత. అడవుల్లో నరికిన మొదళ్ల నుంచే మళ్లీ చెట్లు లేస్తాయి. అడవికి అది వరం, మన పెరటికి కాదు. కాబట్టి పిలకల్ని వచ్చినవి వచ్చినట్టు తుంచెయ్యాలి, లేకపోతే వేరు చావదు.

కుళ్లబెట్టే పని ముఖ్యంగా శిలీంధ్రాలది. వాటికి తడి, గాలి, కాస్త నత్రజని కావాలి. బరమాతో లోతుగా రంధ్రాలు పెట్టి, పేడనీళ్లు పోసి, ఆకులూ మట్టీ కప్పి, పైన తడి గోనెసంచి వేస్తే చాలు. అంచున ఉండే తెల్లచెక్క ముందు మెత్తబడుతుంది, గోటితో గిల్లితే రాలుతుంది. లోపలి చేవ మాత్రం చెదలకే ఓ పట్టాన లొంగని ఘటం. దానికి ఏళ్లు పడుతుంది. మన నిర్మల్ కొయ్యబొమ్మలు చేసే పొనికి అయితే మెత్తటి కర్ర, ఇంతగా సతాయించదు.

విసుగొచ్చి ఉప్పో యాసిడో మాత్రం పోయకండి. మొద్దు సంగతి ఎలా ఉన్నా, చుట్టూ మట్టి పాడవుతుంది.