నాన్న బండి లైటు

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి నాన్న బండికి హెడ్‌లైటు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి పాలక్యాన్లు కట్టుకుని, నోట్లో టార్చిలైటు కరచుకుని పోతున్నాడు. వైరింగంతా మార్చాలన్నాడట మెకానిక్కు. "పెద్దోడి పరీక్ష ఫీజు కట్టినాక చూద్దాంలే" అన్నాడు నాన్న.

ఇంట్లో మొదటి డిగ్రీ మాది, అదీ ఫిజిక్సులో. సిగ్గనిపించింది. ఆ రాత్రి అన్నదమ్ములం ఇద్దరం స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాం.

బల్బు గాజుకు వేళ్ళు తగలకుండా గుడ్డతో పట్టుకుని విప్పాం. హాలోజెన్ బల్బుకు చేతి జిడ్డు అంటితే తొందరగా పోతుంది. 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే డిమ్మూ, బ్రైటూ రెండూ వెలిగాయి. అంటే తప్పు బల్బుది కాదు.

పాత బండి, ఇంజను నడిస్తేనే లైటుకు కరెంటు. తమ్ముడు స్టార్టు చేశాడు. ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు కట్టి హోల్డరులో పెట్టాం. వెలగలేదు. ఒక వైరు తీసి ఇంజనుకు ఆనించాం. వెలిగింది! కరెంటు వస్తోంది, ఎర్తు లేదు. వెతికితే డూము వెనక ఎర్తు వైరు బోల్టు తుప్పుపట్టి ఉంది. గీకి బిగించాం. పైసా ఖర్చు కాలేదు.

మిత్రులారా, వైరింగు మార్చే ముందు ఎర్తు చూడండి.

నాన్న ఏమీ అనలేదు. నాలుగింటికి టార్చిలైటు అమ్మ చేతికిచ్చి బండెక్కాడు. చెరువుకట్ట మలుపుదాకా వెలుతురు కనబడుతూనే ఉంది.